ఈ వేసవిలో జుకినీలు రాలేదు: పొరుగింటితో మళ్లీ మాట కలపడం ఎలా?

బక్స్ భారతి
మాది పెన్సిల్వేనియాలో బక్స్ కౌంటీ. ఈ ఇంట్లోకి వచ్చి పదహారేళ్లు. పక్కింటి ఆవిడకు డెబ్బై దాటాయి, ఒంటరి మనిషి. 2010 ఫిబ్రవరిలో మంచు తుఫాను రోజుల్లో నాకు నొప్పులు వచ్చాయి. అప్పుడు నాలుగేళ్లున్న మా పెద్దదాన్ని దుప్పటిలో చుట్టి, మోకాళ్ల లోతు మంచులో నడిచి తన ఇంటికి ఎత్తుకెళ్లింది ఆవిడే. వేసవిలో ఆవిడ పెరట్లో దోసకాయల్లాంటి జుకినీలు విరగకాస్తాయి. జులై వచ్చిందంటే మా వరండాలో కాగితపు సంచి కనిపించేది. నేను పచ్చడి చేసి స్టీలు గిన్నెలో పంపేదాన్ని. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వడం మాలో అలవాటు లేదని మొదటి ఏడాది మాటల్లో అన్నాను. అప్పటినుంచి ఆ గిన్నె ఏనాడూ ఖాళీగా రాలేదు. బిస్కెట్లో, నాలుగు టమాటాలో, ఇంట్లో ఏమీ లేనప్పుడు గుప్పెడు చాక్లెట్లో ఉండేవి.

2024 సెప్టెంబరులో మా పచ్చికలో హారిస్ బోర్డు పాతాను. పౌరసత్వం వచ్చాక నాకు అదే మొదటి అధ్యక్ష ఎన్నిక. వారం తిరక్కుండా ఆవిడ పచ్చికలో ట్రంప్ బోర్డు వెలిసింది. గొడవ పడలేదు, ఒక్క మాట అనుకోలేదు. బోర్డులు తీసేసి ఏడాది అయింది. చెయ్యి ఊపితే ఊపుతుంది, అంతే. ఈ వేసవిలో జుకినీలు రాలేదు. నేనూ ఏమీ పంపలేదు. థాంక్స్‌గివింగ్ పండగ వస్తోంది. నాకు ఊరికే ఉండబుద్ధి కావడం లేదు. ఏం చేయమంటారు?

కొత్తిమీర
జుకినీ పచ్చడిలో నువ్వులా, పల్లీలా? విషయం పెద్దదే, కానీ ఇది తెలుసుకోకుండా కింది జవాబులు చదవలేను.

డాలస్ ప్రసాద్
ఇందులో ఆలోచించడానికి ఏముంది? గిన్నె పట్టుకుని వెళ్లండి. బోర్డు రెండు నెలలది, పొరుగు పదహారేళ్లది. ఓటు వేసి ఇంటికి వచ్చాక ఆ సంగతి అయిపోయినట్టే. మన ఊళ్లలో ఎన్నికల మర్నాడు అందరూ ఒకే అరుగు మీద కూర్చునేవారు కాదా?

గోదావరి గట్టు
ప్రసాద్ గారూ, మీది ఏ ఊరండీ? మా ఊళ్లో రెండు పార్టీలంటే రెండు పార్టీలే. పెళ్లి పిలుపులు వేరు, టీ కొట్టు వేరు, వినాయకుడి పందిరి కూడా వేరు. కానీ చావింటికి మాత్రం పార్టీ లేదు. మా నాన్నగారు పోయినప్పుడు ఆయనతో ఇరవై ఏళ్లుగా మాటల్లేని మనిషి వచ్చి పాడె మోశాడు. అమెరికాలో నన్ను కలవరపెడుతున్నది ఇదే. 2025 జూన్ 14న మిన్నెసోటాలో డెమొక్రాట్ నాయకురాలు మెలిస్సా హోర్ట్‌మన్‌నూ ఆమె భర్తనూ వాళ్ల ఇంట్లోనే కాల్చి చంపారు. సెప్టెంబరు 10న యూటాలో ట్రంప్ మద్దతుదారు చార్లీ కర్క్‌ను విద్యార్థుల కళ్ల ముందే కాల్చి చంపారు. రెండుసార్లూ నా ఫోనులో ముందుగా కనిపించింది సంతాపం కాదు, చంపినవాడు మీ వాడా మా వాడా అనే తగువు. శవం లేవకముందే పంచాయితీ పెట్టారు.

నాలుగు రోడ్లు
చావింటికి పార్టీ లేదన్నది అన్ని ఊళ్లలో నిజం కాదు. మా మేనమామ పోతే ఎదుటి వర్గం వీధి తలుపులు వేసుకుంది. సరే, అసలు విషయానికి వస్తే, మనం ఇక్కడికి పనికి వచ్చాం, పిల్లల్ని చదివించుకుంటున్నాం. బోర్డులు పాతడం మనకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

మిషిగన్ మాధవి
కత్తిపీట మీద ఉన్న కంద మనమే అయినప్పుడు ఆ సామెత పనికిరాదు. ఆవిడ చెయ్యెత్తి ప్రమాణం చేసి పౌరసత్వం తీసుకుంది. తన పచ్చిక, తన బోర్డు. దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు.

వీసా వరుస
ప్రసాద్ గారి "అయిపోయినట్టే" అనే మాట నాకు గుచ్చుకుంది. నాకు ఓటు లేదు. పదకొండేళ్లుగా హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాను. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏటా 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నిబంధన వల్ల మన వరుస కదలదు. 2025 జనవరి 20న, ట్రంప్ మళ్లీ పదవిలోకి వచ్చిన రోజునే ఒక ఉత్తర్వు వచ్చింది. తల్లిదండ్రులిద్దరూ తాత్కాలిక వీసాల మీద ఉంటే పుట్టే బిడ్డకు పుట్టుకతో పౌరసత్వం ఉండదని. అప్పటికి నా భార్యకు ఐదో నెల. కోర్టులు అమలును ఆపాయి. పాప మే నెలలో పుట్టింది, పాస్‌పోర్టు కూడా వచ్చింది. కానీ ఆ నాలుగు నెలలు రాత్రి దీపం తీశాక ఆమె అడిగిన ప్రశ్న ఒకటే, "మన బిడ్డది ఏ దేశం?" అని. నేను గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. మీకు ఎన్నికలు నవంబరులో అయిపోయాయి. మాకు జనవరిలో మొదలయ్యాయి.

డాలస్ ప్రసాద్
తమ్ముడూ, ఆ కోణం నాకు తట్టలేదు. తేలిగ్గా అన్నాను, తప్పే.

తూర్పు కనుమ
ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేను చెబుతాను. 2024లో నా ఓటు ట్రంప్‌కు. ఒహాయోలో మాకు చిన్న దుకాణం ఉంది, ముందు పెట్రోలు, లోపల పాలు, గుడ్లు, రొట్టె. 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరిందని మీరు వార్తల్లో చదివి ఉంటారు. నేను దాన్ని చేత్తో రాశాను. వారంలో మూడుసార్లు అర దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ధర చీటీలు మార్చేవాణ్ణి. రోజూ కాఫీ తాగి కబుర్లు చెప్పే ముసలాయన ఒకరోజు పాల డబ్బా చేతిలోకి తీసుకుని, చీటీ చూసి, మళ్లీ అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. నన్ను దొంగను చూసినట్టు చూశాడు. గ్రీన్‌కార్డు కోసం పన్నెండేళ్లు కాగితాలన్నీ సక్రమంగా పెట్టుకుని ఆగినవాణ్ణి. సరిహద్దు దగ్గర ఏ వరుసా లేకపోవడం నాకు కడుపుమంటగా ఉండేది. ఇవీ నా కారణాలు. నేను ఎవరినీ ద్వేషించలేదు.

లక్ష డాలర్ల రుసుము తప్పు. మా మేనల్లుడి ఉద్యోగం దాని వల్లే ఆగింది. కానీ దసరాలకు గుడికి వెళితే, ఎన్నో ఏళ్లుగా తెలిసిన ఒకాయన "అంతా మీలాంటి వాళ్ల వల్లే" అని పక్కకు జరిగి నిలబడ్డాడు. పులిహోర దొప్ప చేతిలో పట్టుకుని తినాలో పారేయాలో తెలియక నిలబడిపోయాను. భారతి గారూ, మీ పక్కింటి ఆవిడకు కూడా ఎవరో ఒకరు అలాంటి మాట అని ఉంటారు.

వీసా వరుస
మీ ధర చీటీల మాట నాకు అర్థమైంది. నా భార్య ప్రశ్న మీకు అర్థమైందా?

తూర్పు కనుమ
అర్థమైంది. పాపకు నా ఆశీస్సులు. రేపు మళ్లీ ఓటు వేయాల్సి వస్తే మారుతుందా అంటే చెప్పలేను. మీ ముందు అబద్ధం ఆడను.

వీసా వరుస
అబద్ధం ఆడనందుకు సంతోషం. బాధ మాత్రం అలాగే ఉంది.

రాలీ రవి
అసలు దోషం టీవీది. వార్తల్లో రెండు పక్షాలకూ చోటు ఇవ్వాలన్న నిబంధనను 1987లో ఎత్తేశారు. 1996లో ఫాక్స్ న్యూస్, ఎంఎస్ఎన్‌బీసీ రెండూ పుట్టాయి. అప్పటినుంచి ఎవరి ఇంట్లో వాళ్ల దేశం ఉంది. మా ఆఫీసులో భోజనాల గదిలో టీవీ ఏ ఛానల్‌లో ఉండాలనే దాని మీద గొడవై, చివరికి వంటల ఛానల్ పెట్టి రిమోట్ దాచేశారు.

పాత పెన్ను
రవి గారూ, ఆ నిబంధన గాలి తరంగాల మీద నడిచే రేడియోకూ టీవీకే వర్తించేది. కేబుల్ ఛానళ్లకు అది ఎప్పుడూ లేదు. ఉంచినా ఫాక్స్‌ను ఆపేది కాదు. దాన్ని ఎత్తేశాక నిజంగా పెరిగింది రేడియోలో ఏకపక్ష ప్రసంగాలు.

నేను చూసే కొలత వేరు. 1986లో సుప్రీంకోర్టుకు స్కాలియాను సెనేట్ 98-0తో ఆమోదించింది. 1993లో గిన్స్‌బర్గ్‌ను 96-3తో. ఆయన కరడుగట్టిన సంప్రదాయవాది, ఆమె ఉదారవాది. ఆ సంగతి తెలియక ఓటు వేయలేదు ఎవరూ. కొలువుకు తగినవారా కాదా అన్నదే చూశారు. తీర్పుల్లో నిప్పులు చెరుగుకున్న ఆ ఇద్దరూ కలిసి ఆపెరాలకు వెళ్లేవారు. ఇప్పుడు? 2020లో బారెట్ 52-48, 2022లో జాక్సన్ 53-47. మనిషి ఎవరన్నది కాదు, పేరు పంపింది ఎవరన్నదే లెక్క. పైన కూర్చున్నవాళ్లు అలా ఉంటే కింద పచ్చికలో బోర్డులు మాట్లాడుకుంటాయా?

మిషిగన్ మాధవి
ఇది సంబంధాల దాకా వచ్చింది. 1960లో జరిగిన ఒక సర్వేలో, పిల్లలు ఎదుటి పార్టీ ఇంట్లో పెళ్లి చేసుకుంటే బాధపడతామన్నవాళ్లు నూటికి నలుగురైదుగురు. 2010లో అలాంటి ప్రశ్నే వేస్తే రిపబ్లికన్లలో దాదాపు సగం, డెమొక్రాట్లలో మూడోవంతు మంది బాధపడతామన్నారు. మొన్న మా అమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి తల్లి ఫోనులో శాఖ అడగలేదు, గోత్రం అడగలేదు, జీతం అడగలేదు. "మీరు ఎవరివైపు?" అంది. నేను ఎంత తెల్లబోయానంటే పెళ్లికూతురి వైపు అన్నాను.

కొత్తిమీర
మాధవి గారి జవాబే నాకు నచ్చింది. మనవాళ్లు రెండువైపులా ఉన్నారన్నది మరిచిపోకండి. 2024 ఎన్నికలప్పుడు ఉషా వాన్స్ పూర్వీకుల ఊరు వడ్లూరులోనూ పూజలు జరిగాయి, కమలా హారిస్ తాతగారి ఊరు తులసేంద్రపురంలోనూ జరిగాయి. మా ఇంట్లో అమ్మ ఒకరి ఫొటో పంపితే అత్తయ్య ఇంకొకరి ఫొటో పంపేది. భారతి గారూ, నువ్వులా పల్లీలా?

బక్స్ భారతి
నువ్వులు. చెక్కు తీయకుండా పెద్ద ముక్కలు కోయాలి, లేకపోతే నీరు ఊరిపోతుంది. అందరి మాటలూ చదువుతున్నాను. తూర్పు కనుమ గారు దొప్ప పట్టుకుని నిలబడిన మాట చదివి పని మధ్యలో లేచి బయట నడిచి వచ్చాను.

ఓటుపెట్టె
భారతి గారి పక్క కౌంటీయే మాది. ఆరేళ్లుగా పోలింగ్ రోజున బల్ల దగ్గర కూర్చుంటున్నాను. పెన్సిల్వేనియాలో ప్రతి కేంద్రానికీ ఒక ఎన్నికల జడ్జి, ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు ఉంటారు. ఒకరిని మెజారిటీ ఇన్‌స్పెక్టర్ అంటారు, రెండోవారిని మైనారిటీ ఇన్‌స్పెక్టర్ అంటారు. మామూలుగా ఒకరు ఈ పార్టీ, ఒకరు ఆ పార్టీ. ఉదయం 7 నుంచి రాత్రి 8 దాకా ఒకే బల్ల, ఒకే కాఫీ ఫ్లాస్కు.

మా కేంద్రంలో ఇన్‌స్పెక్టరు రిటైరైన ప్లంబరు, గట్టి రిపబ్లికన్. ఒక ఏడాది రాత్రి తలుపులు మూశాక లెక్క కలవలేదు. పుస్తకంలో సంతకాలు యంత్రంలో పడిన ఓట్ల కంటే ఒకటి ఎక్కువ. ఒక్కటి! అందరికీ కాళ్లు లాగుతున్నాయి. వదిలేద్దామని ఎవరూ అనలేదు. ఆయన కళ్లజోడు తుడుచుకుని, సంతకాలను మొదటి పేజీనుంచి వేలు పెట్టి చదివారు. నేను పాడైన బ్యాలట్ల కవరు విప్పి లెక్కపెట్టాను. రాత్రి పదింటికి దొరికింది. తప్పు గుర్తు పెట్టి బ్యాలట్ వాపసు ఇచ్చిన ఒకావిడ, కొత్తది తీసుకోకుండానే వెళ్లిపోయింది. ఆయన కాగితం మీద ఆ మాట రాసి, సంతకం చేసి, నా చెయ్యి పట్టుకుని ఊపారు. యంత్రం నుంచి వచ్చిన ఫలితాల చీటీని మేమిద్దరం కలిసి తలుపుకు అంటించాం.

అదే మనిషి కారు దగ్గర ఏమన్నారో తెలుసా? "మన బల్ల దగ్గర మోసం జరగదు. 2020లో జరిగింది ఫిలడెల్ఫియాలో" అని. అక్కడ కూడా ఇలాంటి బల్లలే, ఇలాంటి సంతకాలే అన్నాను. తల అడ్డంగా ఊపారు.

ఆ అనుమానానికి బీజం ఎక్కడుందో నాకు తెలుసు. మా రాష్ట్ర చట్టం ప్రకారం తపాలా ఓట్ల కవర్లను పోలింగ్ రోజు ఉదయం 7 గంటల దాకా విప్పకూడదు. ఫ్లోరిడాలో ముందే విప్పి సిద్ధం చేసుకుంటారు, అందుకే రాత్రికే లెక్క తేలిపోతుంది. 2020లో కోవిడ్ వల్ల మా దగ్గర లక్షల మంది తపాలాలో వేశారు, వాళ్లలో డెమొక్రాట్లే చాలా ఎక్కువ. కేంద్రాల్లో పడిన ఓట్లు ముందు లెక్కకు వచ్చాయి, ట్రంప్ లక్షల్లో ముందున్నారు. కవర్లు విప్పేకొద్దీ ఆధిక్యం కరిగింది. మంగళవారం ఎన్నిక, శనివారానికి గాని తేలలేదు. బైడెన్ దాదాపు 80 వేలతో గెలిచారు. ఆ నాలుగు రాత్రులు టీవీ ముందు కూర్చున్న మనిషికి తన పెట్టెలోంచి ఎవరో తీసుకెళుతున్నట్టే అనిపించింది. మేము కౌంటీ అధికారులకు చెప్పాం, వాళ్లు రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్‌లో చెప్పారు. ఆ చట్టం ఇప్పటికీ మారలేదు. నాకు నిద్ర పట్టనిది దీని మీదే. ఆ ఫలితం ఒప్పుకోక 2021 జనవరి 6న పార్లమెంటు భవనం క్యాపిటల్ మెట్ల మీదికి ఎక్కినవాళ్లను నేను క్షమించను. కానీ ఒక్క వాక్యం మార్చి కొంత అనుమానాన్ని తగ్గించగలిగీ మార్చనివాళ్లనూ క్షమించను.

నాలుగు రోడ్లు
2024లో ఒక్క రాత్రిలోనే తేలింది కదా, మరి ఎవరికి అనుమానం పోయింది? గెలిచినవాళ్లకు పోయింది. చట్టం మార్చినా ఓడినవాళ్లకు ఉంటుంది.

ఓటుపెట్టె
కొంతమందికి ఉంటుంది. నేను ఆ ప్లంబరు గారి కోసం అడుగుతున్నాను.

శారద2003
నేను పుట్టి పెరిగింది కాన్సస్‌లో. తెలుగు రాయడం ఆదివారం బడిలో నేర్చుకున్నాను, తప్పులుంటే మన్నించండి. 2017 ఫిబ్రవరి 22న ఓలేథాలో శ్రీనివాస్ కూచిభొట్ల గారిని "మా దేశం నుంచి పొండి" అంటూ కాల్చి చంపినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఆ నెలంతా అమ్మ నాతో బయట తెలుగులో మాట్లాడలేదు. పచారీ కొట్టులో నేను ఏదో అడిగితే పెదవి మీద వేలు పెట్టింది. అదే చోట కాల్చినవాణ్ణి ఆపబోయి ఒక తెల్ల అబ్బాయి కూడా తూటా తిన్నాడు. తర్వాత హ్యూస్టన్‌లోని భారతీయులు అతని ఇంటి కోసం లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. అతను ఎవరికి ఓటు వేస్తాడో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. అమ్మ వేలు, అతని గాయం, రెండూ నా దేశమే.

భారతి ఆంటీ, ఒకటి అడగనా? మీ అమ్మాయిని ఆవిడ దుప్పటిలో ఎత్తుకెళ్లారు కదా. మీ అమ్మాయి ఏమంటోంది? ఆ మాట మీరు రాయలేదు.

బక్స్ భారతి
నిజమే, రాయలేదు. అది ఇప్పుడు దూరంగా కాలేజీలో ఉంది. మేమిద్దరం ఒకే వైపు కాబట్టి అడగాలని తోచలేదు.

గోదావరి గట్టు
అడగండమ్మా. ముందు మాత్రం గిన్నె తీసుకుని వెళ్లండి.

బక్స్ భారతి
ఆరు రోజుల తర్వాత రాస్తున్నాను. ఆదివారం కొట్టులో కొన్న జుకినీలతో పచ్చడి చేసి, అదే స్టీలు గిన్నెలో తీసుకెళ్లాను. ఆవిడ తలుపు తీసి గిన్నె చూసింది, లోపలికి రమ్మంది. వంటింట్లో కూర్చున్నాం. జుకినీలు కాశాయా అని అడిగాను. కాశాయట. జులైలో రెండుసార్లు సంచి నింపి మా వాకిలి దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయిందట.

నా బోర్డు వల్ల కాదట. 2024 నవంబరు 6న మా అమ్మాయి తన పేజీలో రాసింది, "ట్రంప్‌కు ఓటు వేసిన ప్రతి మనిషీ మమ్మల్ని ద్వేషిస్తాడు, మా వీధిలో కూడా" అని. అది ఆవిడ చదివింది. నేను చదవలేదు. ఆవిడ బల్ల మీద పొడి కూడా లేకపోయినా చేత్తో తుడుస్తూ, "నేను తనకు బూట్ల లేసులు కట్టడం నేర్పాను" అంది. ఇంకేమీ అనలేదు.

నేను వీసా వరుస గారి సంగతి చెప్పాను, పేరు లేకుండా. ఆ ఉత్తర్వు మనలాంటి వాళ్ల పిల్లలకు కూడా అని ఆవిడకు తెలియదు. కాసేపు మాట్లాడలేదు. "అది మీ గురించి కాదనుకున్నాను" అంది. మా గురించే అన్నాను. తన ఓటు తప్పని ఆవిడ అనలేదు, నాది తప్పని నేనూ అనలేదు. సరిహద్దు గురించి గొంతు పెంచింది, నేనూ పెంచాను. టీ చల్లారింది, అయినా తాగాం.

రాత్రి అమ్మాయికి ఫోను చేసి చెప్పాను. చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత, "లేసుల సంగతి నాకు గుర్తుంది" అంది. బుధవారం ఇంటికి వస్తోంది. తనే వెళుతుందో లేదో అడగలేదు, అడగను కూడా.

గిన్నె ఇంకా ఆవిడ దగ్గరే ఉంది.